దారికి డబ్బు తేవచ్చు, ఏటా కంప కొట్టేదెవరు?

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని విషయం ఇది.

ఆయనకు నలభై మూడేళ్లు. ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. భార్య ఇంట్లోనే మిషను మీద బ్లౌజులు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. ఊరు వెలిగొండల పాదాన ఉంది. పడమటి కొండలో ఒక కోన, అందులో వానాకాలం పారే చిన్న జలపాతం, రాతి గుహలో శివలింగం. పూర్వం గొడ్లకాపరులు, కట్టెలకు పోయేవాళ్లు నడిచిన కాలిబాట ఉండేది. ఇళ్లలోకి గ్యాసు వచ్చాక, గొడ్లు తగ్గాక అది కంపతో మూసుకుపోయింది. కరోనా ఏడాది స్కూలు మూతపడ్డప్పుడు ఈయన, నలుగురు స్నేహితులు కొడవళ్లు పట్టుకుని దాన్ని మళ్లీ తెరిచారు. ఇప్పుడు కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి జనం బాగా వస్తున్నారు. ఆదివారాలు కావలి నుంచి, నెల్లూరు నుంచి కుర్రాళ్లు బైకులేసుకుని వస్తున్నారు.

ఖర్చంతా ఈయన జేబులోంచే. కిందటి నవంబరులో వానకు బాట కోసుకుపోతే జేసీబీ పెట్టించడానికి భార్య గొలుసు బ్యాంకులో పెట్టారు. ఆమెకు చెప్పలేదు. జేసీబీ అడవి హద్దు దగ్గరికి పోగానే అటవీ శాఖ బీటు ఆఫీసరు ఆపి, ఇంకోసారి కనిపిస్తే బండి సీజ్ చేస్తానన్నాడు. గొలుసు సంగతి బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు భార్యకు తెలిసింది. "దారి ఊరిది, గొలుసు నాది" అని ఒక్క మాట అని ఊరుకుంది. అప్పటి నుంచి ఇంట్లో అవసరమైనంత వరకే మాటలు.

ఇప్పుడు నెల్లూరులో ఒక కన్సల్టెంటు తగిలాడు. కేంద్ర టూరిజం నుంచి 48 లక్షల గ్రాంటు తెప్పిస్తాడట. డీపీఆర్, అంటే పని వివరాలు, అంచనాలు ఉండే ప్రాజెక్టు నివేదిక, తయారీకి ముందుగా లక్షన్నర ఇవ్వాలి. స్నేహితులంతా కలిసి సొసైటీ పెట్టాలి. బాట మొదట్లో కొంత భాగం ఈయన మామగారి నిమ్మతోట గట్టు మీదుగా పోతుంది కాబట్టి, ఆ ముక్క సొసైటీ పేరిట దానపత్రం రాయించాలి. మామగారు ససేమిరా అన్నారు. "ఈ రోజు కాలిబాట అంటారు, రేపు బండిబాట అంటారు, ఎల్లుండి నా నిమ్మచెట్ల కింద కార్లు పెడతారు" అన్నారట. భార్య చేత చెప్పించబోతే ఆమె లేచి వెళ్లిపోయింది. డల్లాస్‌లో ఉన్న మేనత్త కొడుకేమో, అక్కడ ఇలాంటి దారులు వేయడానికీ బాగు చేయడానికీ గవర్నమెంటే గ్రాంటులిస్తుంది, మీరు అడగడం చేతకాక ఇట్లా ఉన్నారని మెసేజ్ పెట్టాడు. కన్సల్టెంటు ఈ నెలాఖరే గడువంటున్నాడు. డబ్బు కట్టాలా, మామగారిని ఎట్లా ఒప్పించాలి, లేక మొత్తం వదిలేయాలా అని అడుగుతున్నారు. టెన్షన్‌తో రాత్రి నిద్ర ఉండడం లేదంటున్నారు.

సమాధానం:

నెలాఖరు గడువు అన్నారు కాబట్టి ముందు ఆ సంగతి. ఆ లక్షన్నర కట్టకండి. కనీసం ఇప్పుడు కట్టకండి.

కేంద్ర టూరిజం శాఖ డబ్బు ఎట్లా వస్తుందో మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో నెల్లూరు కోస్తా సర్క్యూట్ మంజూరైంది. పులికాట్, నేలపట్టు, ఉబ్బలమడుగు, మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి, కొత్తకోడూరు అందులో ఉన్నాయి. సుమారు 60 కోట్లు. ఆ డబ్బు కేంద్రం నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చింది, పనులు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరిగాయి. ఏ ఊళ్లోనూ ఐదుగురు స్నేహితుల సొసైటీ ఖాతాలో పడలేదు, పడదు కూడా. తర్వాత వచ్చిన స్వదేశ్ దర్శన్ 2.0 లోనూ ప్రతిపాదన రాష్ట్రం నుంచే పోవాలి. పుణ్యక్షేత్రాలకని ఉన్న ప్రసాద్ పథకమైతే ఎంపిక చేసిన క్షేత్రాలకే. మన రాష్ట్రంలో అమరావతి, శ్రీశైలం, సింహాచలం, అన్నవరం లాంటివి అందులో ఉన్నాయి. మీ కోన ఆ వరుసలోకి ఈ నెలాఖరుకు చేరదు.

కన్సల్టెంటు మాటల్లో ఇంకో రెండు నాకు నచ్చలేదు. మన రాష్ట్రంలో 2001 నాటి చట్టం కింద సొసైటీ రిజిస్టరు చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మీరు ఐదుగురే. రోజూ ఈ పని చేసేవాడికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? రెండోది, నేల పంచాయతీ పేరిట కాక సొసైటీ పేరిట రాయించమంటున్నాడు. ప్రజల దారి ప్రజల సంస్థ చేతిలో ఉండాలి గాని, రేపు సభ్యులు గొడవపడితే చీలిపోయే సొసైటీ చేతిలో ఎందుకు? ఆయన మోసగాడేనని నేను అనను, ఆ మనిషి నాకు తెలియదు. డీపీఆర్ రాసి అమ్ముకోవడం ఆయన వ్యాపారం కావచ్చు. డీపీఆర్ చేతికొచ్చినంత మాత్రాన గ్రాంటు వచ్చినట్టు కాదు, అంతే తేడా.

నిజం తేల్చుకోవడానికి పది రూపాయల దారి ఉంది. జిల్లా టూరిజం ఆఫీసులో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు ఇవ్వండి. మా ఊరి కోన గురించి ఏ పథకం కిందనైనా ప్రతిపాదన పంపారా, పంపితే ఏ తేదీన, ఇప్పుడు ఏ దశలో ఉంది, ఇలాంటి పనికి స్వచ్ఛంద సంస్థలు నేరుగా దరఖాస్తు చేసుకునే పథకం ఏదైనా మీ దగ్గర ఉందా అని అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆగమని కన్సల్టెంటుకు చెప్పండి. ఆగలేకపోతే ఆయన తొందర దేనికో మీకే అర్థమవుతుంది.

ఇక మీ డల్లాస్ బావగారి మెసేజ్. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో 1991లో చట్టం చేసి, కేవలం ఇలాంటి దారుల కోసమే ఒక నిధి పెట్టారు. రోడ్డెక్కని ఆటవిడుపు బండ్లు తాగే పెట్రోలు మీద వచ్చే పన్నులో కొంత అందులోకి పోతుంది. కేంద్రం రాష్ట్రాలకిస్తే, రాష్ట్రాలు స్థానిక సంస్థలకు ఇస్తాయి. మామూలుగా ఖర్చులో 80 శాతం దాకా ఆ నిధి భరిస్తుంది, మిగతాది స్థానికులు చూపించాలి. కాకపోతే బావగారు చెప్పనిది ఒకటుంది. అక్కడ చాలావరకు ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపించి, తర్వాత రాబట్టుకోవాలి. స్థానిక వాటా కింద డబ్బు బదులు ఊరివాళ్లు ఉచితంగా చేసిన పనిని కూడా లెక్కకట్టి చూపించవచ్చు, దానికి ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు చేశారో రికార్డు ఉండాలి. పైగా ఆ నిధిని కొత్త దారి వేయడానికే కాదు, ఉన్న దారి బాగోగులకు కూడా వాడుకోవచ్చు. మనకు కొరత సరిగ్గా అక్కడే ఉంది.

మన దగ్గర కాలిబాటలకని ఒక పేరున్న పథకం లేదు. ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. దొరికిన ముక్కల్లో చాలావరకు కట్టడానికే గాని కాపాడటానికి కాదు. స్వదేశ్ దర్శన్‌లో కూడా కట్టినదాన్ని నడిపే బాధ్యత రాష్ట్రానిదే. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, అవీ శాశ్వత ఆస్తులకే. పైగా ప్రైవేటు నేలలో గాని, మత సంస్థల స్థలంలో గాని వాటిని ఖర్చు పెట్టకూడదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు 2013 కంపెనీల చట్టం కింద వచ్చేది. దానికి మీ సంస్థ సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. సొసైటీ పెట్టిన మర్నాడే ఇచ్చేవాళ్లు అరుదు. కేంద్రం గ్రాంటు ఏదైనా సంస్థకు వస్తే ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, ఆ డబ్బుతో కొన్న వస్తువును అనుమతి లేకుండా అమ్మకూడదు. సోషల్ పేపర్లు దిద్దుకుంటూ ఇవన్నీ మీరొక్కరే మోస్తారా అన్నది ఆలోచించండి.

మీ స్థాయికి దగ్గరగా ఉన్నది మీ పంచాయతీ. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు ఇచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి, 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేలా వదిలింది. ఇప్పుడు 16వ ఆర్థిక సంఘం కాలం నడిచేటప్పుడు ఆ వాటాలు ఎట్లా ఉన్నాయో పంచాయతీ కార్యదర్శి చెబుతారు. ఏ వాటా అయినా, ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉంటేనే బిల్లు అవుతుంది. ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2 గ్రామసభలతో మొదలవుతుంది. ఆ రోజు మీరు లేచి అడక్కపోతే ఏడాదంతా ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. మెట్ట ఊళ్లో నీళ్ల ట్యాంకరు ముందా, కోన దారి ముందా అని ఎవరో ఒకరు అడుగుతారు కూడా. అడగడం న్యాయమే. అందుకే పెద్ద అంకె అడక్కండి. బాట మొదట్లో రెండు తూములు, ఒక చెత్త తొట్టి, ఏటా కార్తీకానికి ముందు శుభ్రం చేసే కూలి. ఇంతే అడగండి.

కూలి అంటే ఉపాధి హామీ గుర్తొస్తుంది. 2005 నాటి చట్టం కింద మట్టి పనికి, ఊరి దారులకు అందులో వీలుండేది. దాని స్థానంలో 2025 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది కాబట్టి, మీ మండలంలో ఇప్పుడు ఏయే పనులకు అంచనా వేస్తున్నారో ఎంపీడీవో ఆఫీసులో కనుక్కోండి. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. కూలీలతో పని అన్నచోట జేసీబీ కుదరదు.

ఇదంతా అడవి హద్దు ఇవతలి సంగతి. హద్దు దాటాక పంచాయతీ కాదు కదా, కలెక్టరుగారు సంతకం పెట్టినా సరిపోదు. అది రిజర్వు ఫారెస్టయితే 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అక్కడ నేల చదును చేయడం, రాయి తీయడం, కొమ్మ కొట్టడం అన్నీ నేరాలే. అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలంటే 1980 నాటి చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. బీటు ఆఫీసరు మీ మీద కక్షగట్టాడని రాశారు. నాకట్లా అనిపించలేదు. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. బండి పట్టే కొత్త దారి పడిందంటే, కార్తీకంలో దాని మీద భక్తులు నడుస్తారు, మిగతా నెలల్లో రాత్రిళ్లు ఎవరు నడుస్తారో ఆయన ఉద్యోగం కొద్దీ ఆలోచించాలి. జేసీబీని చూసి కేసు రాయకుండా పంపించాడంటే మంచి మనిషనే చెప్పాలి. మళ్లీ ఆ పని చేయకండి. ఈసారి పోయేది బండి ఒక్కటే కాదు, ప్రైవేటు స్కూల్లో మీ ఉద్యోగం కూడా.

అడవి లోపల బాటకు చట్టబద్ధంగా ఒకటే తోవ ఉంది, అటవీ శాఖ తానే ముందుకు రావడం. మీ ఊళ్లో వన సంరక్షణ సమితి, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరివాళ్ల సంఘం, ఉందేమో చూడండి. చాలా ఊళ్లలో కాగితం మీద ఉండి నిద్రపోతూ ఉంటుంది. దాని ద్వారా సామాజిక పర్యావరణ పర్యాటకం నడిపిన చోట్లున్నాయి, మారేడుమిల్లి అందరికీ తెలిసిందే. టికెట్టు పెడతారు, వచ్చిన డబ్బులోంచి కాపలా, శుభ్రత నడుస్తాయి. అంటే ఏటా బాగోగులకు డబ్బు పుట్టే ఏర్పాటు ఇందులో ఉంది. దానికి మీరు చెల్లించే వెల కూడా ఉంది. గేటు వస్తుంది, వేళలు వస్తాయి, ఎండాకాలం అగ్గి భయంతో మూసేస్తారు, ప్లాస్టిక్ తనిఖీ ఉంటుంది. ఊరివాళ్లు "మన కోనకు మనమే టికెట్టు కొనాలా" అని మిమ్మల్నే తిడతారు. పెత్తనం మీ చేతిలోంచి రేంజి ఆఫీసుకు పోతుంది. ఇది మీకు సమ్మతమేనా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. కొందరికి దారి ముఖ్యం, కొందరికి దారి వేసినవాడిగా ఉండటం ముఖ్యం. రెండూ మనిషికి సహజమే, ఏది ఎంత పాళ్లలో ఉందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది.

ఇప్పుడు మామగారు. మీ ఉత్తరంలో ఆయన్ని మొండివాడిగా చూపించారు. ఆయన మాట రెండుసార్లు చదివాను. ఆయన భయంలో చట్టం ఉంది.

ఒకరి నేలలో నడవడానికి ఊరికే ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ అనుమతి నమ్ముకుని ఎదుటివాళ్లు డబ్బు ఖర్చు పెట్టి శాశ్వతమైన పని చేశాక ఇక వెనక్కి తీసుకోలేరని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనే, 60వ సెక్షన్‌లో ఉంది. అంటే మామగారు నోటిమాటగా సరే అన్నారనుకోండి, మీరు గట్టు మీద సిమెంటు పోశారనుకోండి, రేపు మోటారుకు పైపు వేయాలన్నా, గట్టు జరపాలన్నా ఆయనకు తన తోటలోనే తనకు పెత్తనం ఉండదు. దానపత్రమైతే చెప్పక్కర్లేదు. రిజిస్టరై, పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకున్నాక అది వెనక్కి రాదు. ఆయన ఇవేవీ చదివి ఉండరు. పొలం గట్ల తగాదాలు చూసి చూసి పెరిగిన మనిషి కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలుసు. నిమ్మతోట అంటే కాయ దిగడానికే ఏళ్లు పడుతుంది. ఆదివారం కుర్రాళ్లు పోతూ పోతూ కాయలు కోసుకుంటే, బీరు సీసాలు పాదుల్లో పారేస్తే ఊడ్చేది మీరా, ఆయనా?

ఆయన దగ్గరికి ఒప్పించడానికి పోవడానికి ముందు గ్రామ సచివాలయానికి పొండి. సర్వేయరును అడిగి పాత ఎఫ్ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పటం), మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే కొత్త ఎల్పీఎం (రీసర్వే తర్వాతి భూమి పటం), గ్రామ పటం మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పాత పటాల్లో కాలిబాటను సన్నటి తునకల గీతతో చూపిస్తారు, గొడ్లు, బండ్లు పోయే ఊరుమ్మడి డొంకయితే పోరంబోకుగా దానికి వేరే నంబరే ఉంటుంది. గొడ్లు తిరిగిన దారి అంటున్నారు కాబట్టి ఆ పక్కనే ఎక్కడో డొంక ఉండి, ఎవరో ఒకరు కలిపేసుకుని ఉండే అవకాశం చాలా ఎక్కువ. అది బయటపడితే మామగారి సంతకం అవసరమే లేదు, దారి డొంక మీదికి మారుతుంది. కాకపోతే కలిపేసుకున్న ఆసామితో కొత్త తగాదా మొదలవుతుంది. అది మీరు కాదు, పంచాయతీ, తాసీల్దారు ఆఫీసు తేల్చాల్సిన పని. ఆ డొంకను కలుపుకున్నది మామగారే అయితే? అదీ జరగవచ్చు. అప్పుడు ఆ పటం అందరి ముందూ పరచకండి. ముందు ఆయనకు ఒక్కరికే చూపించండి.

డొంక లేదు, గట్టే దారి అని తేలితే మూడు రకాలుగా పోవచ్చు. ఊరి జనం తాతల నాటి నుంచి నడుస్తున్నారు కాబట్టి హక్కు ఉందని వాదించవచ్చు. ఏళ్ల తరబడి అడ్డంకి లేకుండా నడిచిన వాడుకకు చట్టం విలువ ఇస్తుంది. కానీ మీరే రాశారు, బాట చాలా ఏళ్లు మూసుకుపోయి ఉందని. కోర్టులో అది మీకు ఎదురు తిరుగుతుంది. అల్లుడు మామ మీద దావా వేస్తే ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. రెండోది, కాగితం మీద చిన్న ఒప్పందం. నడకకే గాని బండికి కాదు, సిమెంటు పని ఏదీ చేయకూడదు, గట్టుకు తోట వైపు కంచె పంచాయతీ వేయాలి, ఏటా తిరగరాయాలి, నచ్చకపోతే మామగారు మూసుకోవచ్చు. దీని వల్ల ఆయనకు ధైర్యం, మీకు దారి. నష్టం ఏంటంటే, ఇలాంటి కాగితం చూపిస్తే ఏ ఆఫీసరూ ఆ ముక్క మీద పెద్ద నిధి పెట్టడు. మూడోది దానపత్రం, అదీ పంచాయతీకే. దానికి ఆయన పూర్తి ఇష్టం కావాలి, బదులుగా ఆయనకేదైనా దక్కాలి. నాకైతే రెండోది నచ్చింది. పెద్ద నిధి రాకపోవడం మీకు నష్టమే కాదని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ దారికి పెద్ద పని అవసరం లేదు.

బాట ఎట్లా కోసుకుపోయిందో మీరు బాగా రాశారు. నవంబరు వాన వెలిసాక చూస్తే మోకాలి లోతు గాడి, అడుగున రాళ్లు తేలి ఉన్నాయన్నారు. మనకు వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకం కూడా అప్పుడే. అంటే బాట మెత్తబడే రోజుల్లోనే జనం తొక్కిడి. నిలువుగా ఎక్కే బాటలోకి నీళ్లు దిగితే బాటనే వంక చేసుకుని పారతాయి. జేసీబీతో వెడల్పు చేస్తే ఆ వంకను వెడల్పు చేసినట్టే. సిమెంటు మెట్లు కట్టినా నీళ్లు పక్కన దారి చేసుకుని అడుగు మట్టిని లాగేస్తాయి. రెండో ఏటికి మెట్టు గాల్లో వేలాడుతుంది, పాకుడు పట్టి ముసలివాళ్లు జారతారు.

పనికొచ్చేది పాతకాలపు పద్ధతి. బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా, పెద్ద రాళ్లు సగానికి పైగా భూమిలోకి పాతాలి. పైనుంచి వచ్చిన నీళ్లు ఆ రాయికి తగిలి పల్లం వైపుకు బయటికి పోవాలి. బాట ఎంత నిలువుగా ఉంటే రాళ్లు అంత దగ్గర దగ్గరగా పడాలి. ఏటా దసరా అయ్యాక ఒకసారి, పెద్ద వాన పడ్డాక ఒకసారి పార తీసుకుని పోయి రాళ్ల వెనక పేరుకున్న మట్టి, ఆకు తీసేయాలి. తీయకపోతే నీళ్లు రాయి మీదుగా దూకి మళ్లీ బాటలోకే వస్తాయి. ఇక సర్కారు తుమ్మ సంగతి మీకు తెలిసిందే, పైన కొడితే కింద నాలుగు పిలకలు వేస్తుంది, వేరు తవ్వాల్సిందే. ఇదంతా కలిపినా నలుగురు కూలీలకు ఏటా కొద్దిరోజుల పని. 48 లక్షలు తెచ్చి కట్టినా ఈ కొద్దిరోజుల పని చేసేవాళ్లు లేకపోతే మూడో కార్తీకానికి దారి ఉండదు. ఈ కూలి మాత్రం ఏటా ఖాయంగా దొరికితే పెద్ద గ్రాంటు రాకపోయినా మీ దారి నిలుస్తుంది. అడవి లోపలి భాగంలో ఈ రాళ్లు పాతడానికి కూడా రేంజి ఆఫీసరు రాతమూలకంగా ఒప్పుకోవాలని మరిచిపోకండి. ఆయన ఒప్పుకోవడానికి ఇది జేసీబీ కన్నా చాలా తేలికైన విషయం.

స్నేహితులతో కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ రోజు ఎవరొచ్చారు, ఎన్ని గంటలు చేశారు, ఎంత ఖర్చయింది, పనికి ముందు, తర్వాత ఫోటోలు. పంచాయతీ దగ్గరికి పోయినా, రేంజి ఆఫీసుకు పోయినా, రేపు ఏ కంపెనీవాళ్లను అడిగినా మాటల కన్నా ఆ పుస్తకం ఎక్కువ పని చేస్తుంది. అందులో మొదటి పద్దుగా గొలుసు మీద తెచ్చిన అప్పు రాయండి. మీ ఒక్కరి ఖర్చుగా కాదు, ఐదుగురి బాకీగా. స్నేహితులు తలా కొంత వేసుకుంటే ఎంతమంది నిజంగా మీతో ఉన్నారో కూడా తేలుతుంది.

భార్య గురించి మీరు తక్కువ రాశారు, కన్సల్టెంటు గురించి ఎక్కువ రాశారు. ఆమెకు దారి అంటే పడదని మీరు అనుకుంటున్నారు. ఉత్తరంలో అట్లా అనిపించే మాట ఒక్కటీ లేదు. మొదటి రెండేళ్లు కార్తీకంలో పులిహోర చేసి పంపింది ఆమేనని మీరే రాశారు. ఆమెకు తగిలింది బ్యాంకు మెసేజ్. దాని మీద మళ్లీ ఆమె చేతే ఆమె తండ్రిని భూమి అడిగించబోయారు. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఆమెను నిలబెట్టి, ఎటు మాట్లాడినా ఒకరికి చెడ్డయ్యేలా చేస్తే ఎవరైనా లేచి వెళ్లిపోతారు. మామగారితో మాట్లాడాల్సింది మీరు. గొలుసు విడిపించాక మాట్లాడండి. అది విడిపించకుండా మామగారి గుమ్మం ఎక్కితే, కూతురి గొలుసు తాకట్టు పెట్టినవాడు ఇప్పుడు నా తోట అడుగుతున్నాడు అని ఆయన అనుకోవడంలో తప్పేముంది?

మొత్తం వదిలేయడం కూడా ఒక దారే, దాన్ని ఓటమి అనుకోకండి. వదిలేస్తే డబ్బు, ఆదివారాలు మిగులుతాయి. కాకపోతే జనం అలవాటు పడ్డారు కాబట్టి రావడం ఆగదు. బాగుచేసేవాళ్లు లేని బాటలో ఎవరైనా జారి పడితే ఊళ్లో మీ పేరే చెబుతారు. కాబట్టి వదిలేసేటట్టయితే పంచాయతీకి, రేంజి ఆఫీసుకు చెరొక ఉత్తరం ఇచ్చి, ఇక మా బాధ్యత లేదని చెప్పి, నకలు మీద స్టాంపు వేయించుకుని మరీ వదిలేయండి. ఏడాది పాటు కొత్త ఖర్చేదీ పెట్టకుండా, ఉన్నదాన్ని శుభ్రం చేస్తూ, కాగితాలు సమకూర్చుకుని, గ్రామసభలో అడగడం ఇంకో దారి. నెమ్మదిగా ఉంటుంది, స్నేహితుల్లో ఇద్దరు విసిగిపోయి జారుకుంటారు కూడా. వన సంరక్షణ సమితిలోకి మీరే సభ్యుడిగా చేరి అటవీ శాఖ చేతికి అప్పగించడం మూడోది. ఏది ఎంచుకున్నా, కన్సల్టెంటుకు ఇవ్వాలనుకున్న లక్షన్నర మీ దగ్గర నిజంగా ఉందా, లేక అది కూడా అప్పేనా అన్నది మీరు రాయలేదు. అప్పయితే ఇక ఆలోచించాల్సిందే లేదు.

స్నేహితులు బోర్డు గురించి కూడా గొడవ పడుతున్నారన్నారు, ఎవరి పేరు ముందుండాలని. బోర్డు ఇప్పుడే పెట్టకండి. అడవి హద్దు లోపలైతే పెట్టడానికి మీకు హక్కే లేదు. బయట మామగారి గట్టు మీద పెడితే దారి మాది అని చాటినట్టు ఆయనకు వినిపిస్తుంది.

సర్వేయరు దగ్గర పటం నకలు, టూరిజం ఆఫీసు సమాధానం రెండూ చేతికొచ్చాక మళ్లీ రాయండి. డొంక ఉందో లేదో తెలిస్తే మామగారికిచ్చే కాగితంలో ఏం రాయాలో అప్పుడు వివరంగా చెబుతాను.